ఏటేటా దేశ బహిష్కారం

ఒకానొక రాజ్యంలో వానలకు లోటు లేదుగాని, ఆటపాటలకు మాత్రం కరువొచ్చింది. ఆ కరువు తెచ్చిపెట్టినవాడు రాజు సింగమనాయకుడే.

అక్కడి నాటకశాల అధికారి కొండుభొట్లు. పూర్వం అతను ఏటా పొరుగు దేశాల ఊళ్ళు తిరిగి, మేళాలవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళు పెట్టింది తిని, ఆటలు చూసి, నచ్చినవాళ్ళను పిలుచుకొచ్చేవాడు. సింగమనాయకుడికి అది నామోషీ అనిపించింది.

“నా అధికారి పరాయి దేశంలో బొమ్మలాటవాళ్ళ గుడిసెల ముందు గొంతుక్కూర్చోవడమా! ఆజ్ఞ పంపితే వాళ్ళే వస్తారు. నువ్వు పొలిమేర దాటడానికి వీల్లేదు” అన్నాడు.

ఆజ్ఞలు వెళ్ళాయి. మేళాలు రాలేదు. పరాయి రాజు ఆజ్ఞ ఎవరికి లెక్క? నాటకశాలలో గబ్బిలాలు చేరాయి.

ఇంతలో రాజమాత రంగమాంబ మంచం పట్టింది. తన పుట్టింటివైపు తోలుబొమ్మలాట ఒక్కసారి చూసి కన్నుమూయాలని ఆమె కోరిక. సాయంత్రమయ్యేసరికి “వచ్చారా నాయనా?” అని అడిగేది. రాజు తల వంచుకునేవాడు. ఆ వెంటనే ఇంకో ఆజ్ఞ, ఇంకా పెద్ద ముద్ర వేసి పంపేవాడు. ఆ పంతం చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండదూ!

వెళ్ళొస్తానని కొండుభొట్లు బతిమాలాడు. రాజు ససేమిరా అన్నాడు. మర్నాడు నిండు సభలో కొండుభొట్లు లేచి, “ప్రభూ, తమ ఆజ్ఞ మనుషుల్ని సరే, ఒక్క తోలుబొమ్మనైనా కదిలించలేకపోయింది” అన్నాడు.

“వీడికి దేశ బహిష్కారం! తిరిగొస్తే తల తీయిస్తాను!” అని అరిచాడు రాజు.

కొండుభొట్లు వంగి దండం పెట్టి, ఇంటికైనా వెళ్ళకుండా అటునుంచటే పొలిమేర దాటాడు.

కొన్ని నెలలకు ఒక బొమ్మలాట మేళం కోటకొచ్చింది. అప్పటికి రంగమాంబకు చూపు పోయింది. ఆట మొదలై తన ఊరి మాట చెవిన పడగానే లేచి కూర్చుంది. బొమ్మను చేతికిస్తే తడిమి తడిమి చూసుకుని, “నిరుడే వచ్చి ఉంటే కళ్ళారా చూసేదాన్ని కదయ్యా” అంది. ఆ తప్పు తనదేనని రాజుకు తెలుసు.

“ఇన్ని ఆజ్ఞలకు రానివాళ్ళు ఇప్పుడెలా వచ్చారు?” అని మేళం పెద్దను అడిగాడు.

“ఆజ్ఞలు ఎవరు పంపారో మాకేం తెలుసు దొరా? ఈయనైతే మా అన్న పోయినప్పుడు మాతోపాటు కూర్చుని ఏడ్చాడు. రమ్మంటే వచ్చాం” అంటూ అతను తెర వెనక్కి చూపించాడు. అక్కడ తాళాలు పట్టుకుని కొండుభొట్లు!

“తల తీయిస్తానన్నాను కదా” అన్నాడు రాజు.

“తీయించండి ప్రభూ. ఏ మేళం ఏ ఊళ్ళో ఉందో, ఎవరింట ఏ కష్టమొచ్చిందో, ఎవర్ని ఏ వరసతో పిలవాలో అంతా ఈ తలలోనే ఉంది. ఇది పోతే వాళ్ళు మనకు మళ్ళీ పరాయివాళ్ళే. అమ్మగారేమో రేపటి ఆట కూడా కావాలంటున్నారు.”

“మరి నేనన్న మాటో? శిక్ష వెయ్యకపోతే లోకం నవ్వదూ?”

“వెయ్యండి. ఏటేటా ఆరు నెలలు దేశ బహిష్కారం. దారి బత్తెం మాత్రం తమరిదే.”

రాజు కళ్ళు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వాడు. తన చేతి కంకణం తీసి కొండుభొట్లుకు తొడిగాడు.

రంగమాంబ రెండో ఆట విన్నది. మూడోది వినకుండానే పోయింది.

కర్మకాండ ముగిసిన మర్నాడు రాజు కొండుభొట్లును పిలిపించాడు. “ఇంకా ఇక్కడే ఉన్నావేం భొట్లూ? మన ఊళ్ళో ఇంకా ముసలివాళ్ళు చాలామంది ఉన్నారు. తొందరగా నీ శిక్షకు బయల్దేరు” అన్నాడు.