పరుగుకి పది మార్కులు

వాగుకి ఇవతల, కొండ కింద, రేగుపొదల పక్కన ఒక విద్యాపీఠం ఉండేది. కుందేలు పిల్లలు, కౌజు పిల్లలు, ముంగిస పిల్లలు అక్కడే చదువుకునేవి. భవనాలు లేవు. పాఠాలు రెండే. ఏ గాలి ఏ వాసన తెస్తుంది, ఏ వాసన వస్తే ఎటు పరుగెత్తాలి. చెప్పేది తీతువు, చిలక, మరికొందరు పంతుళ్ళు. ఆ రెండూ వచ్చిన పిల్లలు ముసలివయ్యేదాకా బతికేవి.

ఆ బడికి పెద్దసారు నెమలి.

ఒక శీతాకాలం మంచుదేశం నుంచి బాతుల గుంపు వాగులో దిగింది. మాటల మధ్యలో ఒక బాతు అంది: "లోకంలో గొప్ప విద్యాపీఠాలు వంద ఉన్నాయట. ఆ జాబితాలో మీ పేరు విన్నట్టు లేదే?"

అంతే. నెమలికి తిండి సయించలేదు. కొమ్మ మీద నిలవదు, నేల మీద నిలవదు. "మనది ఎన్నో స్థానం? వందలో లేకపోతే వెయ్యిలోనైనా ఉండమా?" అని కనపడ్డవాళ్ళనల్లా అడిగేది.

వాగు అవతల నుంచి ఇదంతా విన్న నక్క తడికాళ్ళతోనే వచ్చేసింది.

"సారూ, జాబితాలో ఎక్కించే పూచీ నాది. ఇప్పటికి ఏడు అడవుల్ని ఎక్కించాను."

"ఏం చెయ్యాలి?"

"ముందు ప్రతిధ్వని. మీ మాటని కొండ ఎన్నిసార్లు తిరిగి పలికితే అన్ని మార్కులు. మీ పంతుళ్ళు ఏం చేస్తున్నారు?"

"పిల్లలకి పాఠాలు చెబుతున్నారు."

"అదీ సంగతి! పిల్లలకి చెప్పిన మాట పిల్లల దగ్గరే ఆగిపోతుంది. కొండకి చెప్పమనండి."

మర్నాటి నుంచి పంతుళ్ళంతా కొండెక్కి రాతిగోడ వైపు తిరిగి అరవడం మొదలుపెట్టారు. వడ్రంగిపిట్ట లెక్క చూసేది.

"తీతువు పంతులూ, ఈ వారం నీవి నలభయ్యే. చిలక నాలుగొందలు తెచ్చింది, సిగ్గుగా లేదూ?"

"చిలక కొత్తగా ఏం కనిపెట్టిందని?"

"ఏం కనిపెడితే నీకెందుకు? కొండ పలికిందా, లేదా?"

నక్క మళ్ళీ వచ్చింది. "ఇక ఈ వాసన పాఠం తీసెయ్యాలి సారూ. ఈ వాగు గాలి ఈ వాగు దగ్గరే వీస్తుంది. మంచుదేశంలో దాన్నెవరు అడుగుతారు?"

తీసేశారు. దాని బదులు బాతుల భాషలో స్వాగతం పలకడం, వరుసలో కదలకుండా నిలబడడం పెట్టారు.

బడిలో గరిక అనే కుందేలు పిల్ల ఉంది. వాళ్ళమ్మకి తొలి కాన్పులో ఒక్క పిల్లా దక్కలేదు. మలి కాన్పులో మిగిలింది గరిక ఒక్కతే. ఆ తల్లి పెద్దసారు దగ్గరికి వెళ్ళింది.

"సారూ, మా గరికకి తోడేలు వాసన తెలీదు. ఆ పాఠం మళ్ళీ ఎప్పుడు చెబుతారు?"

"ఏమ్మా, నీ కూతురు క్లాసు ఫస్టు. బాతుల కంటే బాగా బాతు భాష మాట్లాడుతోంది. ఇంకేం కావాలి నీకు?"

"బతకాలి సారూ."

"అది సిలబస్సులో లేదమ్మా."

తల్లి ఇంట్లో తనే నేర్పబోయింది. "పరీక్షలో రాదమ్మా," అని గరిక చెవులు దించేసుకుంది.

జాబితావాళ్ళు తనిఖీకి వస్తారని నక్క చెప్పిన రోజు రానే వచ్చింది. దారి పక్క రాళ్ళకి సున్నం కొట్టారు. పంతుళ్ళందరూ కొండ మీదే ఉన్నారు. ప్రతిధ్వని ఆగకూడదని నక్క ఆర్డరు. పిల్లలు మోదుగ పూలు పట్టుకుని వరుసలో నిలబడ్డాయి. అందరికంటే ముందు గరిక. తల్లులు పక్కన నిలబడ్డారు.

నక్క వెనకాల ముగ్గురు పెద్దలు వచ్చారు. ఒళ్ళంతా తెలుపు, చెవుల దగ్గర బాతు ఈకలు.

"మంచుదేశం ప్రొఫెసర్లు," అంది నక్క. "మన భాష రాదు. ఎవరూ ప్రశ్నలు అడక్కండి."

అప్పుడే గాలి మళ్ళింది. తల్లి కుందేలు ముక్కు అదిరింది. పైన తడి సుద్దమన్ను. దాని కింద పచ్చినెత్తురు కంపు. తోడేళ్ళు.

"సారూ, అవి తోడేళ్ళు!"

"ష్! విదేశీ పెద్దల్ని పట్టుకుని ఏమిటా మాటలు? ఒక్క మార్కు తగ్గిందో, నీదే పూచీ."

కూతురి దగ్గరికి పరుగెత్తింది. "గరికా, పారిపో. తోడేలు వాసన వస్తోంది."

"అది ఎలా ఉంటుందమ్మా?"

తల్లి కూతుర్ని వరుసలోంచి లాగబోయింది.

"వరుస తప్పితే మార్కులు పోతాయమ్మా. పక్కకి జరుగు."

మొదటి ప్రొఫెసరు వంగి ఒక కౌజు పిల్లని వాసన చూస్తున్నాడు. "ఎంత శ్రద్ధగా పరిశీలిస్తున్నారో!" అని నెమలి మురిసిపోయింది.

తోడేలంటే ఇక్కడ ఎవరికీ పట్టదు. మార్కులంటేనే అందరికీ పట్టింపు. తల్లి కుందేలు గొంతు పెంచింది.

"నక్కగారూ! ఆటలకి పది మార్కులున్నాయట కదా? బాతులు చెప్పాయి. మా పిల్లల పరుగు చూడరా?"

నెమలి ఎగిరి గంతేసింది. "పది మార్కులా! మాకు చెప్పనేలేదే!"

"అది... తర్వాత చూద్దాం సారూ," అని నక్క నసిగింది.

"తర్వాతేమిటయ్యా? పది మార్కులు వదులుకుంటామా?"

ఒక తోడేలు ఉండబట్టలేక, "తొందరగా కానీండ్రా," అంది.

"ఆహా! రాగానే మన భాష ఎంత చక్కగా పట్టేశారు!" అంది నెమలి.

తల్లి కుందేలు కాలితో గీత గీసింది. "గీత ఇది. పరుగు ఆ రేగుపొదల్లోకి. ఎంత లోపలికి పోతే అన్ని మార్కులు. ప్రొఫెసర్లు గీత దాటితే పరీక్ష చెల్లదు."

"చెల్లనే చెల్లదు!" అని నెమలి గీత దగ్గర నిలబడి పింఛం మొత్తం విప్పింది. తోడేళ్ళకి ఎదర ఏమీ కనపడలేదు.

"గరికా, పదికి పది తేవాలి. ఊఁ!"

మోదుగ పూలు నేల రాలాయి. పిల్లలన్నీ దూసుకుపోయాయి. అన్నిటికంటే ముందు గరిక. తల్లులు వాటి వెనకే పొదల్లో దూరారు. తోడేళ్ళు పింఛాన్ని తొక్కుకుంటూ ఉరికాయి గానీ, రేగుముళ్ళు మూతుల్లో దిగాయి. సుద్దమన్ను రాలిపోయింది, ఈకలు ఊడిపోయాయి.

"పిల్లల్లారా, బయటికి రండి! మార్కులు వెయ్యాలి!" అని నక్క కేకేసింది.

"లోపలికొచ్చి వెయ్యి నాయనా," అంది తల్లి కుందేలు.

తోడేళ్ళు నక్క వైపు తిరిగాయి. "వరుసలో నిలబెట్టి వడ్డిస్తానన్నావు! ఇదేనా?" నక్క వాగులోకి దూకింది. తోడేళ్ళు వెంటపడ్డాయి.

పొద లోపల గరిక రొప్పుతూ అడిగింది. "అమ్మా, ఫస్టు నేనేనా?"

తల్లి కూతురి మూతిని గాలి వైపు తిప్పింది. "నువ్వేనమ్మా. ముందు ఈ వాసన చూడు. బాగా చూడు. తోడేలంటే ఇది."

బయట సగం పింఛం పోయిన నెమలి చెట్టెక్కి, వాగు దాటుతున్న తోడేళ్ళ వైపు మెడ చాచి అరుస్తోంది: "అయ్యా ప్రొఫెసర్లూ! ఒక్క మాట చెప్పి వెళ్ళండి! పరుగుకి ఎన్ని వేశారు?"

నీతి: పిల్లల ప్రాణానికి పనికిరాని చదువు చెప్పే బడి లోకంలో ఎన్నో స్థానంలో ఉన్నా ఒకటే.