సీనియరు లేవని రోజు

చయనులు గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. కళ్లజోడు తుడుచుకుని "చూద్దాం" అంటారు. ఆయన లా ఆఫీసులో అందరికీ అది అలవాటే. ఆ రోజు మాత్రం అక్కడి సీనియరు లాయరు సుభాషిణికి అంత ఓపిక లేదు. ఆమె కింద పనిచేసిన జూనియర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇప్పుడు ఫణీంద్ర కూడా నెలాఖరుకి మానేస్తానన్నాడు.

"వాడు రాసిన కాగితాలు కామాలతో సహా దిద్దిపెట్టాను సార్. కోర్టులో వాడి మీద ఒక్క మాట పడనివ్వలేదు. మనుషుల్ని ఇంకెలా తయారుచెయ్యాలి?"

"చూద్దాం. రేపటి కేసు ఫణీంద్రని వాదించమను. నేనూ వస్తాను."

అది కరుణమ్మ కేసు. ప్రభుత్వాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. కాంట్రాక్టు ముగిసిందని ఉద్యోగంలోంచి తీసేస్తున్నారు. స్టే రాకపోతే సోమవారం నుంచి ఆమెకు పని లేదు.

హైకోర్టులో ఒక మర్యాద ఉంది. సీనియరు లేచి నిలబడితే, మాట్లాడుతున్న జూనియరు కూర్చోవాలి. ఫణీంద్ర తడబడ్డప్పుడల్లా సుభాషిణి లేచేది. పాపం, సాయం చేద్దామనే.

మర్నాడు ఫణీంద్ర బాగానే మొదలుపెట్టాడు. అంతలో జడ్జి గారు అడ్డుపడ్డారు. "గడువు అయిపోయింది కదా, ఇంకే హక్కుతో అడుగుతున్నారు?"

ఫణీంద్ర తడబడి, సుభాషిణి రాసిచ్చిన కాగితాలు తిరగేశాడు. సుభాషిణి లేవబోయింది. ఎవరో వెనక్కి లాగినట్టయింది. చూస్తే చయనులు గారు ఆమె గౌను అంచు మీద కూర్చుని ఉన్నారు, ఎటో చూస్తూ.

"సార్, నా గౌను!" అంది గొంతు తగ్గించి.

ఆయన కదల్లేదు.

అప్పుడు చూసింది సుభాషిణి. ఫణీంద్ర మోకాళ్లు అప్పటికే వంగుతున్నాయి. ఆమె ఇంకా లేవకముందే అతను కూర్చోబోతున్నాడు. ఆమె లేచే ప్రయత్నం మానేసింది.

ఎవరూ లేవకపోయేసరికి ఫణీంద్ర మళ్లీ నిటారుగా నిలబడ్డాడు.

"మైలార్డ్... ఈమె స్థానంలో ఇంకొకర్ని కాంట్రాక్టు మీదే తీసుకుంటున్నారు. పని అయిపోలేదు. ఈమె మాత్రమే వద్దంటున్నారు."

సుభాషిణి రాసిచ్చిన వాదన అది కాదు. జడ్జి గారు ఆసుపత్రి తరఫు లాయరు వైపు తిరిగారు. ఆ లాయరు మళ్లీ గడువు మాటే ఎత్తారు. స్టే వచ్చింది.

బయట వరండాలో కరుణమ్మ ఫణీంద్ర చేతులు పట్టుకుని వదలడం లేదు. సుభాషిణి కాస్త దూరంలో చయనులు గారి పక్కన ఆగిపోయింది.

"వాడు ఓడిపోయుంటే ఏం చేసేవారు సార్?"

"మరీ మునిగిపోతుంటే నేను లేచేవాణ్ణి. నీ మొదటి కేసులో నువ్వూ ఇలాగే బిక్కచచ్చిపోయి నిలబడ్డావు, గుర్తుందా?"

"గుర్తుంది. అప్పుడు మీరు కోర్టులో లేరనుకున్నాను."

"నీ వెనక బెంచీలోనే ఉన్నానమ్మా" అన్నారు చయనులు గారు. "లేవకుండా కూర్చోవడానికే చాలా కష్టమైంది."