సుంకులవ్వ గుమ్మడి గింజలు

ఊ కొట్టేవాళ్లుంటేనే చెప్తా. కునికేవాళ్లు ఇప్పుడే లేచి పొండి.

మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల తొట్టెలో కాళ్లాడిస్తున్న రోజులంట అవి. కొండ కింద ఒక ఊరు. ఊరికి పడమటి కొసన ఒక గుడిసె. ఆ గుడిసెలో సుంకులవ్వ.

ఆమెకు ఎవరున్నారని? మొగుడు లేడు, బిడ్డల్లేరు, సెంటు చేను లేదు. ఉన్నదల్లా గుడిసె వెనక నాలుగు మంచాలు పట్టేంత దొడ్డి. పొద్దున్నే తట్ట నెత్తిన పెట్టుకుని పేడ ఏరుకొచ్చేది. పిడకలు కొట్టి ఇంటింటికీ ఇచ్చేది. వాళ్లు పోసిన గంజి తాగేది. ఊళ్లో అందరూ ‘పిడకల ముసల్ది’ అనేవాళ్లు, అదీ ఆమె మొహం మీదే. ఏం మనుషులో!

కానీ ఆ దొడ్డిలో గుమ్మడి చూడాలి! తొలకరి పడగానే గుంత తీసి, మాగిన పెంట వేసి, మూడు గింజలు పెట్టేది. తీగ గుడిసెంతా పాకి, పక్కింటి చూరు కూడా పట్టుకునేది. పక్కింటావిడ “మా కప్పు కూలిపోతాది” అని రోజూ తిట్టేది. కాయలు దిగేసరికి ఆ నోరు మూతపడేది. రెండు చేతులా ఎత్తాల్సిన కాయలు మరి. కోసి అటకెక్కిస్తే ఎండాకాలం దాకా చెడవు. కూరాకు దొరకని నెలల్లో ఊరంతా అవ్వ గుమ్మడికాయే పంచుకు తినేది.

ఈరమ్మ ఆ పక్కింటికి కొత్త కోడలు. పుట్టింటి మీద బెంగ పెట్టుకుని ఏడుస్తుంటే అవ్వే చెయ్యి పట్టుకుని పాదు దగ్గరికి తీసుకుపోయింది.

“చూడమ్మీ, అడుగున పిందె ఉంటే ఆడపువ్వు. లేకుంటే మగపువ్వు. తేనెటీగ రాని రోజు మనమే పెళ్లి చేయాల” అని మగపువ్వు తెంపి ఆడపువ్వులో అద్దింది.

ఈరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అత్తగారింట్లో ఆమె నవ్వడం అదే మొదలు.

ఇంకో పని కూడా అవ్వ నేర్పింది. అన్నిటికంటే లావుకాయ విత్తనానికే. గింజలు కడిగి, నీడన ఆరబెట్టి, బూడిదలో పొర్లించి, పచ్చి పేడలో మూడేసి పెట్టి చూరు కింద గోడకు కొట్టాలి. పురుగు పట్టదు, ఎలుక ముట్టదు. ఈ సంగతి ఆడవాళ్లకే తెలుసు. మగవాళ్లకు పిడకంటే పొయ్యిలోకే కదా!

ఊ కొట్టండి. ఇక్కడి నుంచి కష్టం.

మొదటి ఏడు వాన రాలేదు. గాదెలు ఊడ్చుకు తిన్నారు. ఈరమ్మ అత్త వచ్చి “ఆ గింజలియ్యి, వేయించుకుంటాం” అంది. “వాన రానీ, పాదు పెడదాం” అంది అవ్వ.

రెండో ఏడు వాన రాలేదు. ఇంటింటా విత్తనాలు కూడా తినేశారు. ఊరిపెద్ద బాలోజి వచ్చి అడిగాడు. “వాన రానీ నాయనా, పాదు పెడదాం” అంది అవ్వ.

మూడో ఏడూ రాలేదు. పశువులు పోయాయి. ఊరంతటికీ పిడకలంటే అవ్వ గోడ మీదివే. అవ్వ మంచానపడింది. ఈరమ్మ ఏడ్చింది.

“నువ్వైనా తినవ్వా. పానం నిలుస్తాది.”

“గుప్పెడు కూడా లేవే పిచ్చిదానా. తిన్నా రేపు మళ్లీ ఆకలే. వాన రానీ, పాదు పెడదాం. నేను లేకుంటే నువ్వు పెట్టు. ఆ గోడ కాస్తానని ఒట్టెయ్యి.”

ఈరమ్మ ఒట్టేసింది.

మర్నాడు ఊళ్లో ఆడవాళ్లంతా నీళ్లకు పోయారు. ఆమడ దూరంలో, వాగు ఇసుకలో చెలమ. వాళ్లటు పోగానే ఇక్కడ అవ్వ కన్నుమూసింది. పాపం, మగవాళ్లు మంచిపనే అనుకున్నారు. “దిక్కులేని ముసల్ది. దాని పిడకలతోనే సాగనంపుదాం” అని గోడ మీదివన్నీ ఒలుచుకుపోయారు.

పొద్దు వాలాక ఈరమ్మ కడవతో వచ్చింది. మంచం ఖాళీ. గోడ మీద గుండ్రటి మరకలు తప్ప ఏమీ లేవు.

కడవ అక్కడే పగిలింది. ఈరమ్మ వల్లకాటికి పరుగెత్తింది. ఆడది అటు పోకూడదని ఆమెకు తెలియదా? తెలుసు. పరుగెత్తింది.

చితి అంటుకుని ఉంది. “ఆపండి మామా! ఆ పిడకల్లో గుమ్మడి గింజలున్నాయి!”

బాలోజి అడ్డం నిలబడ్డాడు. “చితి మీదిది వెనక్కి తెస్తారా ఎవరైనా? అవ్వ సొమ్ము అవ్వతోనే పోనీ.”

“అవ్వది కాదు మామా, మనది! ఆమె ఆకలితో చచ్చింది మన కోసం!”

బాలోజి చెయ్యి కిందికి జారిపోయింది. ఈరమ్మ అవ్వ కాళ్ల వైపు వంగి, ఇంకా మంటందకుండా మిగిలిన ఒక్క పిడక లాగింది. చెయ్యి కాలింది. పిడక విరిచింది. లోపల మూడు గింజలు, తెల్లగా.

నాలుగో ఏడు వాన వచ్చింది. ఈరమ్మ అవ్వ దొడ్డిలోనే పాదు పెట్టింది. ఒక గింజ కుళ్లింది. ఒక మొలకను కోడి పొడిచింది. మూడోది గుడిసె మీదికెక్కింది. ఒక్క ఆడపువ్వు పూసింది. కరువుకు తేనెటీగలెక్కడివి? ఈరమ్మే మగపువ్వు తెచ్చి కాలిన చేత్తో పెళ్లి చేసింది. ఈసారి నవ్వలేదు.

ఒక్క కాయ. అది కోసిన రోజు ఊరంతా దొడ్డిలో నిలబడింది. ఇంటికి మూడు గింజలు పంచింది ఈరమ్మ. బాలోజి తన మూడూ అరచేతిలో పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “పిడకల ముసల్ది అన్నామే తల్లీ” అన్నాడు.

అప్పటి నుంచి ఆ ఊళ్లో పిడకను విరవకుండా పొయ్యిలో పెట్టరు. విరిచి, లోపలికి చూసి, “అవ్వా, ఉన్నావా?” అంటారు. ఇప్పుడు గ్యాసు పొయ్యిలొచ్చాయి, పిడకలెక్కడివిలే. అయినా కొత్తింట్లో పాలు పొంగించే రోజు ఎక్కడి నుంచో నాలుగు తెచ్చుకుంటారు. మా అమ్మా అంతే. విరిచేది, చూసేది, అడిగేది. ఏ రోజూ గింజ కనబడలేదు. అడగడం మాత్రం మానలేదు.

ఊ కొట్టింది చాలు. లేచి పొయ్యి రాజేయండి. ముందు విరిచి చూడండి.