కామందు పంచెకు మసి

కరెంటు రాని రోజులవి. కామందు వీరభద్రయ్య బియ్యంమిల్లు ఇంజను టుకుటుకుమంటేనే ఊరికి తెల్లారేది. అది కక్కే నల్లపొగ, చాకలి ముత్యాలు పక్కనే ఆరేసే బట్టలకి మసి పూసేది. ఇంజను బాగు చేయించమంటే కామందు, “నా పొగలో మసెక్కడిదే?” అని కసిరాడు.

మర్నాడు పెళ్లికి బయల్దేరుతూ పంచె మడత విప్పాడు. నల్లటి చారలు!

ముత్యాలుని పిలిపించి, “ఇదేంటే?” అన్నాడు.

“పొగలో మసి లేదంటే ఊళ్లో ఎవరూ నమ్మలేదు బాబుగారూ. వాళ్ల బట్టలు ఏటవతలికి మోశాను. నమ్మింది తమరొక్కరే గదా, తమరివి మిల్లు పక్కనే ఆరేశాను.”

సాయంత్రానికల్లా మెకానిక్కు వచ్చి ఇంజను విప్పి శుభ్రం చేశాడు. పొగ పల్చబడింది.

ఇప్పుడా మిల్లు లేదు. అయినా తెల్లారగట్ల ముసలి ముత్యాలు ఆ టుకుటుకు కోసం చెవి ఒగ్గుతుంది. ఆమె పోట్లాడింది పొగతోగాని, ఇంజనుతో కాదుగా!