రాయి తగిలినాక

"మాస్టరూ, మనతో మాట్లాడని మనిషిని ఎన్నిసార్లు పిలవాల?" అని సుంకన్న అడిగినాడు ఒక దినం.

మద్దిలేటి మాస్టరుకి ఆదోనిలో ఫ్లెక్సీలు కొట్టే షాపు. మేం కొంతమందిమి ఆయన దగ్గర డిజైను పని నేర్చుకుంటా ఉన్నాము. ఏం అడిగినా ఆయన వెంటనే చెప్పడు. చేతిలో పని చూసుకుంటా "చూద్దాంలేప్పా" అంటాడు. చెప్పేది ఏదన్నా ఉంటే అది తర్వాత దానంతట అదే వస్తుంది.

సుంకన్న అడిగింది వాళ్ళక్క ఈరమ్మ గురించి. షాపులో అందరికీ తెలుసు. అమ్మ పోయినాక వాణ్ణి పెంచింది ఆ అక్కే. మొన్న ఎండాకాలంలో ఆయమ్మ కూతురికి చెవులు కుట్టే ఫంక్షన్ పెట్టుకున్నారు. బిడ్డను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటేనే కుట్టేది. అయితే సుంకన్న బావ ఫ్లెక్సీని వేరే షాపులో కొట్టిచ్చినాడు. దాంట్లో బావ తమ్ముళ్ళు ఉన్నారు, తమ్ముళ్ళ స్నేహితులు ఉన్నారు, ఆఖరికి పాలు పోసే ఆయన కూడా కూలింగ్ గ్లాసులు పెట్టుకొని ఉన్నాడు. సుంకన్న ఫోటో లేదు. ఊళ్ళో అందరి మొహాలూ ఫ్లెక్సీలెక్కిచ్చేవాడికి సొంత అక్క గుమ్మం ముందర చోటు లేకపాయె. వాడు అలిగినాడు. ఫంక్షన్‌కి పోలేదు. బావ తరపాయన ఎవరో ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే, బిడ్డకి చెవులు కుట్టేసినారు. అప్పట్నుంచి అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు.

"నేనే తగ్గినా మాస్టరూ. ఇంటికాడికి పోయి పిలిచినా. రాలేదు. ఫోన్ చేసినా. ఎత్తలేదు. నిన్న సాయంత్రం గూడా పోతి. ఇంకేం చేయమంటావు?"

"చూద్దాంలేప్పా. మిషన్లో ఫ్లెక్సీ వస్తాంది. అదయ్యేదాకా నీ ఆట ఆడుకో పో."

సుంకన్నకి బ్రౌజర్లో ఆడే ఉండేలు ఆట ఒకటుంది. చెక్క పలకలతో కట్టిన కోట, దాంట్లో మూడు ఎలుకలు. మౌస్‌తో రబ్బరు ఎనక్కి లాగి వదిలితే రాయి పోయి తగులుతుంది. కోట కూలి ఎలుకలు పోతే ఇంకో కోట వస్తుంది. ఒక్క కోట కాడ మాత్రం వాడు చానా దినాలుగా ఇరుక్కుపోయినాడు.

ఆ పొద్దు మాస్టరు పోయి వాని ఎనకాల నిలబడినాడు. వాడు లాగినాడు, వదిలినాడు, రాయి తగిలింది. తగిలిందో లేదో, మూలలో ఉండే గుండ్రటి బాణం నొక్కినాడు. కోట మళ్ళీ మొదట్లో మాదిరి నిలబడింది. మళ్ళీ లాగినాడు, మళ్ళీ వదిలినాడు, మళ్ళీ బాణం.

"ఏమప్పా, ఎలుకలు నిన్ను ఆడిస్తాండాయే," అన్నాడు మాస్టరు.

"ఇది పడేది కాదు మాస్టరూ. గట్టి కోట."

"ఈసారి కొట్టి మౌస్ నాకియ్యి."

వాడు కొట్టినాడు. మాస్టరు మౌస్ తీసుకొని చొక్కా జేబులో ఏసుకున్నాడు. వైరు కిందికి వేలాడతా ఉంది. రాయి తగిలింది గానీ కోట అట్లే నిలబడింది.

"చూసినావా, పడలే," అన్నాడు సుంకన్న. వాని చేయి ఊరికే మౌస్ కోసం బల్ల మీద తడుముతా ఉంది.

మిషన్ గరగరమంటా ఉంది. పైన ఒక పలక రవ్వంత జరిగింది. జరిగి ఆగింది. దాని మీద పెట్టిన రాతిగుండు మెల్లగా అంచుకాడికి దొర్లింది. ఇంక ఇది కదిలేది లేదు అనుకున్నాము. అప్పుడు జారింది. కింద పలక ఇరిగింది, పక్కది ఒరిగింది, కోటంతా కుప్పైపాయె. ఎలుకలు మూడూ పోయినాయి.

సుంకన్న సంతోషపడలేదు.

"ఇదే దెబ్బ గదా మాస్టరూ నేను కొడతాండేది."

"కొడతానే ఉంటివి," అన్నాడు మాస్టరు. "నిన్న మీ అక్కను పిలిచేటప్పుడు బండి ఆపినావా?"

"లేదు. స్టార్టింగులోనే పెట్టి..."

"ఫోను?"

"రెండు రింగులు చూసి కట్ చేస్తి. ఎత్తదులే అని."

మాస్టరు మౌస్ తీసి బల్ల మీద పెట్టినాడు. "నిన్న మీ అక్కోళ్ళ సందు మలుపులో నేను నిచ్చెన మీద ఉండా. స్తంభానికి ఫ్లెక్సీ కడతా. నువ్వు 'అక్కా' అన్నావు, బండి తిప్పుకొని పోతివి. ఆయమ్మ రొట్టెల పిండి చేతుల్తోనే బయటికొచ్చింది. చంకలో బిడ్డ. నేను నాలుగు మూలలూ కట్టి దిగేదాకా గేటు పట్టుకొని నీ దారే చూస్తాండె. నేను గూడా అరిస్తి. నీ బండి సప్పుడులో నీకు యాడ ఇనపడుతుంది?"

సుంకన్న లేచి చెప్పులు గూడా ఏసుకోకుండా ఉరికినాడు.

మిషన్లో ఫ్లెక్సీ ఇంకా పూర్తిగా రాకముందే తిరిగొచ్చినాడు. స్టూలు మీద కూలబడినాడు.

"తాళం ఏసుండారు. పొద్దున రైలుకి సామాన్లతో బళ్ళారికి పోయినారంట. బావకి ఆడ జీన్సు ప్యాంట్లు కుట్టేకాడ పని దొరికిందంట." అరికాళ్ళ దుమ్ము దులుపుకుంటా, "ఆ రొట్టెలు దారికి చేసుకుంటాండె ఏమో," అన్నాడు.

కంప్యూటర్లో కూలిన కోట పక్కన ఆ గుండ్రటి బాణం మెరుస్తా ఉంది. వాడు దాన్నే చూస్తా ఉన్నాడు.

"చెవులు మళ్ళీ కుట్టరు గదా మాస్టరూ."

"కుట్టరప్పా," అన్నాడు మాస్టరు. "ఫోన్ చెయ్యి."

సుంకన్న అక్క నంబరు కొట్టి, ఫోన్ స్పీకర్లో పెట్టి, అరచేతిలో పట్టుకున్నాడు. ఒక రింగు పోయింది. రెండోది పోయింది. వాని బొటనేలు ఎర్ర గుర్తు మీదికి వచ్చింది.

మాస్టరు మిషన్లో నుంచి వచ్చే ఫ్లెక్సీ కొసను పట్టుకొని నిలబడినాడు. ఇటు తిరిగి చూడలేదు.

"మోగనీ," అన్నాడు.