పైడయ్య కూతురి బరువు

తుమ్మలమిట్టలో తెలివంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని పైడయ్య నమ్మకం. ఉండదా మరి? గొడుగు తడిస్తే పాడైపోతుందని, వానొచ్చినప్పుడల్లా దాన్ని చొక్కాలో దాచుకుని తను తడుస్తూ వచ్చే మనిషి ఊళ్ళో ఇంకెవరున్నారు? దొంగలు తాళం పగలగొడతారని పెళ్ళాం నూకాలు తాళాన్ని పెట్టెలో దాచి, తలుపు బార్లా తీసి కూలికి పోయేది. బావమరిది గవరయ్య వీళ్ళను మించినవాడు. పొద్దున నీడలో మంచం వేస్తే, మధ్యాహ్నం నీడ జరిగిపోయినా ఎండలోనే పడుకునేవాడు. "చోటు మనం ముందు పట్టాం బావా, కదిలితే ఇంకోడొస్తాడు" అనేవాడు.

ఆ ఇంట్లో ఒక్కతే పిల్ల, సంతోషి. ఎండుపుల్లలా ఉండేది. ఊళ్ళోవాళ్ళ మేకలు కాసేది. "అయ్యా, నేనూ బడికెళ్తా" అని రోజూ అడిగేది. పైడయ్యకీ పంపాలనే ఉంది. కానీ మేకలు మానేస్తే గంజిలోకి నూకలెక్కడివి?

ఒకనాడు అంగన్‌వాడీ టీచరు విమలమ్మ వచ్చింది.

"పైడయ్యా, కొత్త పథకం వచ్చింది. పిల్లని రోజూ బడికి పంపాలి. టీకాలు వేయించాలి. నెలనెలా నా దగ్గర బరువు చూపించాలి, అది పెరుగుతుండాలి. అలా చేస్తే నూకాలు ఖాతాలో డబ్బు పడుతుంది. తప్పితే ఆగిపోతుంది."

"ఆగిపోతే?"

"ఇంకేముంది, పిల్ల మళ్ళీ మేకల వెనకే."

అంతే, మర్నాటి నుంచి పిల్ల బళ్ళో ఉంది. ఆదివారమొచ్చింది. రోజూ అంటే రోజూ కదా. బడికి తాళం ఉంటే గవరయ్య పిల్లని గోడ దాటించాడు. పంతులు లేని బడేమిటని ముగ్గురూ మాస్టారింటికి పోయి, ఒంటికి నూనె రాసుకుని కూర్చున్న మనిషిని అలాగే లాక్కొచ్చారు.

"ఇవాళ సెలవు కదయ్యా" అని మొత్తుకున్నాడాయన.

"సెలవు మీకండి మాస్టారూ. షరతు మాకు" అన్నాడు పైడయ్య.

తర్వాత పిల్లకి జ్వరమొచ్చింది. మంచంతో సహా తెచ్చి క్లాసులో దించారు. "జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోండి" అని మాస్టారు కసిరాడు. ఇంకేముంది, మంచం ఆసుపత్రికి పోయింది. అక్కడ పైడయ్యకి కొత్త అనుమానం వచ్చింది. "పిల్ల ఇక్కడుంటే బడి తప్పినట్టేగా?"

"బడంటే ఏముంది బావా, బెంచీలూ నల్లబల్లా. అవే తెచ్చేస్తే పోలా?" అన్నాడు గవరయ్య.

అంతే, బెంచీలు లేచాయి. నల్లబల్ల లేచింది. నల్లబల్ల వెనకాల మాస్టారు, మాస్టారి వెనకాల పిల్లలంతా ఆసుపత్రికి పరుగు. వచ్చారు కదా అని నర్సమ్మ అందరినీ వరసలో నిలబెట్టి, బాకీ ఉన్న టీకాలన్నీ పొడిచేసింది. ఊరంతా ఏడుపులే.

సంతోషికి తగ్గింది. ఖాతాలో డబ్బు పడింది. బళ్ళో గుడ్డు, ఇంట్లో పప్పు తిని, పాలు తాగి పిల్ల ఒళ్ళు చేసింది. విమలమ్మ బరువు మిషను మీద నెలనెలా ముల్లు పైకి జరుగుతోంది.

"ఎలా పెరుగుతోందంటావు?" అంది నూకాలు. "పప్పు మనమూ తిన్నాం. మనం పెరగలేదే."

గవరయ్య ఆలోచించాడు. "అక్కా, పిల్ల మిషనెక్కింది. మనం ఎక్కలేదు. మహిమంతా ఆ మిషనుదే."

ఇంకేముంది, ఈసారి పడిన డబ్బుతో పప్పు మానేసి బరువు మిషను కొనుక్కొచ్చారు. తెల్లారగానే సంతోషిని దాని మీద కూర్చోబెట్టారు.

"అయ్యా, బడి గంట కొట్టారు. ఆకలి కూడా వేస్తోంది."

"కదలకే తల్లీ, ఇప్పుడిప్పుడే పెరుగుతున్నావు."

పిల్ల వింటుందా? ఒక్క దూకు దూకి బడికి పరుగెత్తింది. ముల్లు గిర్రున సున్నాకి వచ్చింది.

నూకాలు నెత్తి బాదుకుంది. "ఉన్న బరువంతా పోయింది మావా. డబ్బు ఆగిపోయినట్టే."

"వెనక్కి తెస్తే బడి తప్పుద్ది. తేకపోతే బరువు తప్పుద్ది" అన్నాడు గవరయ్య.

పైడయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత పంచె ఎగ్గట్టి తనే మిషనెక్కి కూర్చున్నాడు. ముల్లు ఎన్నడూ చూడనంత పైకి పోయింది. అంతే, సాయంత్రం దాకా దిగలేదు. మధ్యాహ్నం అటుగా పోతున్న విమలమ్మను అక్కణ్ణించే పిలిచాడు.

"చూసుకోండి టీచరమ్మా. పిల్ల బళ్ళో ఉంది, పిల్ల బరువు ఇక్కడ పెరుగుతోంది. రెండు షరతులూ ఒక్కసారే."