తక్కెడకు పరీక్ష

ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఈశానయ్య అయ్యవారు నోటితో జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని తగిలించి పంపేవారు. ఆ సంగతి తెలిసి కూడా శిష్యుడు మాచన ఆ పొద్దు పాఠం మధ్యలో లేచి నిలబడ్డాడు. కొన్నాళ్లుగా వాడికి కూర్చుంటే లేవాలని, లేస్తే నడవాలని ఒకటే కుతకుత. అటుకుల మూట కట్టుకునే వచ్చాడు.

"హంస తక్కెడను వెతకడానికి పోతున్నాను అయ్యవారూ. ఏ దిక్కుకు పొమ్మంటారు?"

తుమ్మెదకోనలో ఆ తక్కెడ కథ తెలియనివాళ్లు లేరు. యక్షులు పోతపోసి ఇచ్చారట. ముల్లు హంస ముక్కులా ఉండేదట. తగవులో చిక్కిన మనిషి దాని ముందు నిలబడి తన మాట చెబితే, నిజమైతే పళ్లెం బరువెక్కి కిందికి దిగేదట, అబద్ధమైతే తేలిపోయి పైకి లేచేదట. ముత్తాతల నాటి వరదలో అది కొట్టుకుపోయింది. అప్పటినుంచీ, తీర్పు చెప్పడం ఇబ్బంది అనిపించిన తగవునల్లా ఊరి పెద్దలు తక్కెడ దొరికాక చూద్దామని పక్కన పెట్టేవారు. అనుమానం పడ్డ మనిషి ముంజేతికి నారతాడు కట్టేవారు. తాడున్న మనిషి నలుగురిలోకి రాకూడదు.

మాచన అక్క కామసాని చేతికి ఆ తాడు పడి ఏళ్లు గడిచాయి. ఊరి విత్తనాల గాదెకు ఆమె కాపలా. ఒక విత్తుల కాలంలో గాదెలో సగం కొర్రలు మాయమయ్యాయి. తాను తీయలేదని ఆమె ఎంత మొత్తుకున్నా, తక్కెడ దొరకనీ అన్నారు. మొన్న తల్లి పోతే కామసానిని దగ్గరికి రానివ్వలేదు. వీధి చివర నిలబడి, పాడె మలుపు తిరిగేదాకా చూసింది. మాచన కాలు ఒకచోట నిలవకపోవడం ఆ రోజునుంచే.

అయ్యవారు అటకెక్కి దుమ్ముకొట్టుకున్న మూట ఒకటి దింపారు. విప్పితే పాత ఇత్తడి తక్కెడ. చిలుం పట్టి, ముల్లు వంగిపోయి ఉంది. మాచన దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. ఇది అదేనా అని అడిగాడు.

"పెద్దలను అడిగి రా. నువ్వు మాత్రం అవుననకు, కాదనకు."

ఊరి అరుగు మీద నాయకుడు, పెద్దలందరూ తక్కెడ చుట్టూ మూగారు. ముక్కు హంసలా లేదు, కాకిలా ఉందని ఒకాయన పెదవి విరిచాడు. అన్నేళ్లు బురదలో నానితే నీ ముక్కూ అలాగే ఉండేదని పక్కాయన చురక అంటించాడు. చివరికి పరీక్ష చేయాల్సిందేనన్నారు. కానీ ఎలా? నిజమేదో మనకు ముందే తెలిసిన తగవైతేనే, తక్కెడ సరిగా చెప్పిందో లేదో తేలుతుంది. అన్నదమ్ముల గట్టు తగాదా పెడదామంటే, అందులో ఇద్దరూ అబద్ధాలకోరులే, పనికిరాదన్నారు. అప్పుడు అందరిలోకీ పెద్దవాడైన గుండన కర్ర నేలకు తాటించి, కామసానిని పిలిపించమన్నాడు. గాదెలో గింజ ముట్టలేదని ఆమె చేత చెప్పించాలి. పళ్లెం దిగితే ఇది అసలుది, లేచిందంటే నకిలీది, ఏట్లో పారేయొచ్చు. బాగుంది, బాగుందని తలలూపారు అందరూ. ఒకరు ఆమెను తీసుకురావడానికి వెళ్లారు.

మాచన మాత్రం గుండన దగ్గరికి జరిగాడు. విన్నది సరిగానే విన్నాడా అని వాడి అనుమానం.

"తాతా, పళ్లెం పైకి లేస్తే అక్క అబద్ధమాడినట్టు కదా?"

"వెర్రివాడా, ఆ పిల్ల తీయలేదని ఊరందరికీ తెలిసిందేగా. అందుకేగా పరీక్షకు ఆ మాట ఎంచింది" అన్నాడు గుండన, చిలుం గోటితో గీకుతూ.

అన్నాక ఆ గోరు ఆగిపోయింది. ఆమె కాదంటే మరెవరన్న ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్న తిన్నగా వెళ్లి ఊరి నాయకుడి మేనల్లుడి గుమ్మం ముందు ఆగుతుంది. నాయకుడు తన కాళ్లకేసి చూసుకుంటున్నాడు.

కామసాని అప్పటికే వచ్చి అరుగు కింద నిలబడి ఉంది. అంతా విన్నది. తక్కెడ వైపు చూడనైనా చూడలేదు. మెట్లెక్కి వచ్చి గుండన ముందు చెయ్యి చాపింది.

"విప్పు తాతా."

ముసలాయన వేళ్లకు ముడి లొంగలేదు. ఎవరో కొడవలి అందించారు. తాడు తెగిపడింది. ఆమె మణికట్టు రుద్దుకుంటూ, అందరూ నడిచే నడివీధి గుండా వెళ్లిపోయింది. పరీక్ష సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

మాచన తక్కెడ చంకన పెట్టుకుని అయ్యవారి ఆశ్రమానికి తిరిగి వచ్చాడు. సంతోషించాలో, వెనక్కి పోయి ఒక్కొక్కరి గల్లా పట్టుకోవాలో వాడికి తెలియలేదు. పెరడంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. జరిగినదంతా చెప్పాడు, చెప్పిందే మళ్లీ చెప్పాడు. అయ్యవారు వింటూ అక్కడే మిరపనారుకు నీళ్లు పోస్తూనే ఉన్నారు. చివరికి వాడు తక్కెడను ఆయన ముందు పెట్టి, ఇంతకీ ఇది అసలు హంస తక్కెడేనా, కాదా అని నిలదీశాడు.

అయ్యవారు చెంబు పక్కన పెట్టారు.

"మీ అక్క అడిగిందా ఆ మాట?"